ఇంటర్‌స్టెల్లార్ ముగింపు, ప్రొఫెసర్ అబద్ధం, టామ్ సంగతి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఇంటర్‌స్టెల్లార్ సినిమాలో బ్లాక్ హోల్‌లో పడ్డ వ్యోమగామి కూపర్ నిజంగా బతికి బయటపడ్డాడా? లేక కూతురు మర్ఫ్ గదిలోని పుస్తకాల అర దగ్గర్నుంచి ఆసుపత్రి మంచం దాకా మనం చూసిందంతా చచ్చిపోతున్న మనిషి కలా? రెండున్నర గంటలు సైన్సు చెప్పి, చివరికి ప్రేమే దిక్కు అని ముగించడం ప్రేక్షకుణ్ణి మోసం చేయడం కాదా? రూమ్‌లో నలుగురు రెండు జట్లుగా విడిపోయి రాత్రి రెండింటిదాకా వాదించుకున్నామన్నారు.

నేను గుంటూరులో ముప్ఫై ఏళ్ళు ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరై, ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. ఈ సినిమా 2014లో వచ్చినప్పుడు పిల్లలతో కలిసి చూశాను. 2025 ఫిబ్రవరిలో మళ్ళీ విడుదలైనప్పుడు మా ఆవిడతోనూ, ప్రత్తిపాడు దగ్గర మిర్చి వేసే మా పాత స్నేహితుడితోనూ కలిసి చూశాను. రెండుసార్లూ బయటికొచ్చాక గొడవే. కాకపోతే మొదటిసారి గొడవ బ్లాక్ హోల్ గురించి, రెండోసారి గొడవ కొడుకు గురించి. ఆ రెండోది చివర్లో చెబుతాను. సినిమా చూడనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, కథంతా బయటపెట్టేస్తున్నాను.

ముందు చావు సంగతి. బ్లాక్ హోల్‌లో పడితే మనిషి సేమియాలా సాగిపోతాడని క్లాసులో మేమే చెబుతాం. కాళ్ళ దగ్గర ఆకర్షణ ఎక్కువ, తల దగ్గర తక్కువ, ఆ తేడాకే సాగిపోవడం. కానీ ఈ తేడా బ్లాక్ హోల్ చిన్నదైతేనే అంచు దగ్గర, అంటే దాటితే ఇక వెనక్కి రాలేని గీత దగ్గర, భయంకరంగా ఉంటుంది. సూర్యుడికి పదిరెట్ల బరువున్న దాని అంచు ముప్ఫై కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది కాబట్టి అక్కడ మనిషి మిగలడు. సినిమాలోని బ్లాక్ హోల్ గార్గాంట్యువా బరువు పది కోట్ల సూర్యులంత. దాని అంచు, మన భూమి సూర్యుడి చుట్టూ తిరిగే దారంత పెద్దది. అంత విశాలమైన చోట ఆరడుగుల మనిషి తలకూ కాళ్ళకూ మధ్య తేడా ఏపాటిది? లెక్క వేసి చూడండి, చీమ కుట్టినంత కూడా తెలియదు. అంచు దాటగానే చచ్చిపోయాడన్న వాదన అక్కడే పోయింది. దాటాక లోపల ఏముందో ఎవరూ చూసి చెప్పలేరు. సినిమా ఊహ అక్కడ మొదలైంది, అది పెట్టుకోవాల్సిన చోట కూడా అదే.

ఇక కల వాదన. దీన్ని మా పాత విద్యార్థి ఒకడు చాలా బలంగా వాదించాడు. వాణ్ణి ఒకటే అడిగాను. "కథ మొదట్లో మర్ఫ్ గదిలో పుస్తకాలు ఎవరు తోశారురా? దుమ్ములో గీతలు పడ్డాయి, అవి లెక్కగట్టి వెళ్తే నాసా రహస్య స్థావరం దొరికింది. ఆ లెక్క ఎవరిచ్చారు?" చివర్లో బ్లాక్ హోల్ లోపల నుంచి ఆ గది వెనకాలకు చేరి కూపర్ పుస్తకాలు తోసింది కలైతే, మొదట్లో పుస్తకాలు తోసినవాడు లేడు. తోసినవాడు లేకపోతే కూపర్ నాసాకి వెళ్ళడు, అంతరిక్షంలోకి వెళ్ళడు, బ్లాక్ హోల్‌లో పడడు. కలంటే ముగింపు ఒక్కటే ఊడిపోదు, పునాది కూడా ఊడిపోతుంది. వాడు టీ తాగేసి గ్లాసు కింద పెట్టి, "అయితే ఆ చుట్టు తిరుగుడు మాత్రం ఏం బాగుంది సార్, రేపటి మనిషి నిన్నటి మనిషిని కాపాడితే, ఆ రేపటివాణ్ణి ఎవరు కాపాడారు?" అన్నాడు. ఇది మంచి ప్రశ్న. మీ రూమ్‌లో కూడా ఎవరో ఒకరు అడిగే ఉంటారు.

చెట్టు ముందా విత్తు ముందా లాంటిదే ఇది. భవిష్యత్తులో ఎంతో ఎదిగిన మనుషులు శని గ్రహం దగ్గర వేరే లోకాలకి అడ్డదారి (వార్మ్‌హోల్) తెరిచారు. ఆ దారి లేకపోతే ఆ మనుషులే ఉండరు. దీనికి ఫిజిక్స్‌లో పూర్తి జవాబు లేదు కానీ, ఒక పద్ధతైన ఆలోచన ఉంది. రష్యన్ శాస్త్రవేత్త ఇగోర్ నోవికోవ్ చెప్పినదాని ప్రకారం, కాలంలో వెనక్కి వెళ్ళడం సాధ్యమే అయినా, జరిగినదానికి విరుద్ధంగా ఏదీ చేయలేం. వెళ్ళినవాడు చేసేది కూడా అప్పటికే జరిగినదాంట్లో భాగమే. కూపర్ చేసిందీ అంతే. ముందు వెళ్ళొద్దు, ఉండిపో అని పుస్తకాలతో చెప్పబోయాడు. ఆ మాట అప్పుడే కూతురు చదివింది, తండ్రి అప్పుడే వినకుండా వెళ్ళిపోయాడు. ఏడ్చి మొత్తుకున్నా ఒక్క అక్షరం మారలేదు. అది అర్థమైన క్షణంలోనే వాడు ఏడుపు ఆపి పని మొదలుపెట్టాడు.

పిల్లలకు ఇలా చెప్పేవాణ్ణి. పడవలో వెళ్ళేవాడికి కృష్ణ ఒక్కొక్క మలుపే కనిపిస్తుంది. ఇంద్రకీలాద్రి ఎక్కి చూసేవాడికి ఎగువన భవానీ ద్వీపం, కింద బ్యారేజీ, దిగువన ఇసుక మేటలు అన్నీ ఒకేసారి కనిపిస్తాయి. మనమంతా కాలంలో పడవ మీద ఉన్నవాళ్ళం. కూపర్‌ని కొండెక్కించారు, అదీ ఒక్క గదికి సంబంధించినంత వరకే. కొండ మీద నుంచి కేక వేయగలడు. పడవని పట్టుకుని ఆపలేడు.

ఇదంతా ఎవరికి వారు కల్పించుకున్న సైన్సు అని కొట్టిపారేయకండి. ఈ సినిమాకి సలహాదారు కిప్ థోర్న్. గురుత్వ తరంగాలను పట్టుకున్నందుకు 2017లో ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్న మనిషి. రుజువైన నియమాన్ని దాటకూడదు, ఊహ చేస్తే సైన్సు లోంచే పుట్టాలి అని ఆయన ముందే రెండు షరతులు పెట్టాడు. ఒక పాత్రను వెలుతురు కన్నా వేగంగా పంపాలని దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ పట్టుబడితే, రెండు వారాలు వాదించి మాన్పించాడు. మరోచోట దర్శకుడే గెలిచాడు. నీళ్ళ గ్రహం మీద ఒక గంట భూమి మీద ఏడేళ్ళు కావాలన్నాడు నోలన్. థోర్న్ ముందు కుదరదనుకున్నాడు. తర్వాత కూర్చుని లెక్క వేస్తే, ఆ బ్లాక్ హోల్ తనకు సాధ్యమైన గరిష్ఠ వేగానికి వెంట్రుకవాసి తక్కువలో తిరుగుతుంటే కుదురుతుందని తేలింది. ప్రకృతిలో అలాంటిది దొరకడం బహు కష్టం, కానీ నియమం ఏమీ అడ్డు చెప్పదు.

గంటకి ఏడేళ్ళు అంటే పిల్లలు నోరెళ్ళబెడతారు కానీ, కాలం తేడా మన జేబుల్లోనే ఉంది. జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు నేల మీది గడియారాల కన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పరుగెడతాయి. ఆ తేడా సరిచేయకపోతే దూరం లెక్క రోజుకు పది కిలోమీటర్లకు పైగా తప్పుతుంది. బెంజ్ సర్కిల్‌ని మ్యాప్ తీసుకెళ్ళి మంగళగిరిలో పెట్టేస్తుంది.

మనవాళ్ళకి ఇంకో కొలత ఉంది, పుష్కరం. గంటకి ఏడేళ్ళయితే పుష్కరం గంటా నలభై మూడు నిమిషాలు. 2004లో కృష్ణా పుష్కరాల్లో దుర్గా ఘాట్‌లో మునిగి, 2016 పుష్కరాలకి మళ్ళీ వచ్చి మునిగినవాళ్ళు ఆ మధ్యలో ఎన్ని పెళ్ళిళ్ళు, ఎన్ని చావులు చూశారో తలుచుకోండి. అదంతా అక్కడ ఒక సినిమా ఆట కన్నా తక్కువసేపు. కూపర్ వాళ్ళు ఆ నీళ్ళ మీద దిగి, అల వచ్చి, ఇంజను తడిసి, పైకెగిరేసరికి భూమి మీద ఇరవై మూడేళ్ళు దాటిపోయాయి. లెక్కకి మూడు గంటల ఇరవై నిమిషాలు.

ఇక్కడ నాకు భాగవతంలో రైవతుడి కథ గుర్తొస్తుంది. కూతురు రేవతికి తగిన వరుణ్ణి అడుగుదామని ఆమెను వెంటబెట్టుకుని బ్రహ్మలోకం వెళ్ళాడు. అక్కడ గంధర్వుల పాట జరుగుతోంది. పాట అయ్యేదాకా ఆగి అడిగితే బ్రహ్మ నవ్వి, "నువ్వు అనుకున్నవాళ్ళు కాదు, వాళ్ళ మనవల పేర్లు కూడా ఇప్పుడు లేవు, ఇరవై ఏడు చతుర్యుగాలు గడిచిపోయాయి" అన్నాడు. చివరికి రేవతి పెళ్ళి బలరాముడితో జరిగింది. ఈ కథ చూపించి మనవాళ్ళకి సాపేక్ష సిద్ధాంతం ముందే తెలుసని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. అది లెక్క కాదు, కథ. కానీ ఒక తేడా గమనించండి. రైవతుడు కూతుర్ని వెంట తీసుకెళ్ళాడు. అందుకే తిరిగొచ్చేసరికి లోకం ముసలిదైంది కానీ కూతురు కాలేదు. కూపర్ వదిలేసి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి కూతురు నిండు ముసలమ్మ, తండ్రి నడివయసువాడు. పురాణం కప్పిపెట్టిన ముల్లు ఈ సినిమాలో బయటికొచ్చింది.

ఇప్పుడు ప్రేమ. ఈ ఒక్క మాట మీదే మీ వాదన ఎక్కువ సాగిందనుకుంటాను. దారి మధ్యలో తోటి వ్యోమగామి అమీలియా ప్రేమ గురించి ఒక ఉపన్యాసం ఇస్తుంది. నాకు ఆ ఉపన్యాసం నచ్చదు. ప్రేమించినవాడి గ్రహానికి వెళ్దామని అడగడానికి అంత సిద్ధాంతం అక్కర్లేదు, సిగ్గుపడకుండా అడిగితే సరిపోయేది. చివర్లో కూపర్ కూడా అదే మాట పట్టుకునేసరికి, ప్రేమ ఒక శక్తి అని, అదే కబురు మోసిందని చాలామంది అనుకున్నారు. సినిమాని జాగ్రత్తగా చూస్తే అలా లేదు. కబురు మోసింది గురుత్వాకర్షణ. పుస్తకాలు పడటం, దుమ్ము గీతలుగా రాలడం, కూతురికి ఇచ్చి వెళ్ళిన వాచీ ముల్లు టెలిగ్రాఫ్‌లా చుక్కా గీతగా కొట్టుకోవడం, అన్నీ దాని పనే. మరి ప్రేమ చేసిందేమిటి? అడ్రస్ చెప్పింది.

ఆ భవిష్యత్తు మనుషులకి అన్ని కాలాలూ, అన్ని చోట్లూ అందుబాటులో ఉన్నాయి. ఏ చోట ఏ క్షణంలో చెబితే అర్థమవుతుందో మాత్రం తెలియదు. అది వాళ్ళ చేతకానితనమని, రోబో టార్స్‌తో మాట్లాడే కూపర్ నోటితో సినిమాయే చెబుతుంది. ఊరంతా తెలిసిన పోస్టుమాన్ చేతిలో అడ్రస్ లేని కవరు ఉన్నట్టు. మనుషుల్ని కాపాడే లెక్క మర్ఫ్ ఒక్కతే చేయగలదని, తానిచ్చిన వాచీ కోసం కోపం తగ్గాక ఆ గదికే తిరిగొస్తుందని తెలిసినవాడు లోకంలో ఒక్క తండ్రే. ఇందులో మహిమ ఏముంది? పిల్ల గుణం పదేళ్ళు దగ్గరుండి చూసినవాడికి ఉన్న తెలివిడి. దాన్ని ప్రేమ అనండి, అనుభవం అనండి, ఫిజిక్స్‌కి వచ్చిన నష్టం లేదు. నాకున్న ఫిర్యాదు వేరు. బ్లాక్ హోల్ లోపలి సమాచారమంతా సెకన్ల ముల్లు కొట్టుకోవడంతో పంపాలంటే ఆ పిల్ల ఆ వాచీ పట్టుకుని ఎన్ని నెలలు కూర్చుందో దర్శకుడు చూపించలేదు. సరే, సినిమా కదా.

అసలు ఈ ముగింపు దేనికి జవాబో పట్టుకుంటే సగం గొడవ తీరుతుంది. నా లెక్కలో అది, కూపర్‌ని పంపిన నాసా పెద్ద ప్రొఫెసర్ బ్రాండ్ చెప్పిన అబద్ధానికి జవాబు. గుర్తుందా? భూమి మీదివాళ్ళందరినీ తీసుకెళ్ళే మొదటి పథకం అసలు కుదరదని ఆయనకి ముందే తెలుసు. బ్లాక్ హోల్ లోపలి సమాచారం లేకుండా దానికి కావలసిన గురుత్వాకర్షణ సమీకరణం తెగదని తెలిసి కూడా, దశాబ్దాల తరబడి బల్ల ముందు కూర్చుని రాస్తున్నట్టు నటించాడు. ఎందుకు? తన బిడ్డ కోసం అయితే మనిషి ఎంత దూరమైనా వెళ్తాడు, మొహం తెలియని మనుషుల కోసం వెళ్ళడు అని ఆయన నమ్మకం. అందుకే మీ పిల్లల్ని కాపాడుతున్నామని ఆశ పెట్టి, నిజానికి గడ్డకట్టించిన పిండాలతో కొత్త జాతిని నాటడానికి పంపాడు. మంచు గ్రహం మీద, అంతకుముందే అక్కడికి వెళ్ళిన వ్యోమగామి మాన్ కూడా ఇదే మాట ఇంకో రకంగా అంటాడు. మన జాలి కంటికి కనిపించేంత మేరకే అని. అనేసి, తను బతకడం కోసం కూపర్‌ని చంపబోతాడు.

వీళ్ళిద్దరి లెక్కలో సొంత బిడ్డ మీద ప్రేమ, లోకం బాగు, రెండూ ఎదురెదురు గట్లు. ఒకటి పట్టుకుంటే రెండోది వదలాలి. ముగింపు ఆ లెక్కనే తిరగేసింది. లోకమంతా బతికింది ఒక తండ్రి ఒక కూతుర్ని మరిచిపోలేకపోవడం వల్ల. ఆ కూతురు ఇరవై, ముప్ఫై ఏళ్ళు నాన్న మీద కోపం దించుకోలేకపోవడం వల్ల. మానవజాతి గురించి ఆలోచించిన పెద్దమనిషి అబద్ధమాడాడు, మొదట్నుంచీ ఇంటి గురించి ఆలోచించినవాడు పని చేశాడు. ఇది మీరు ఒప్పుకోకపోవచ్చు. ఇది దర్శకుడు తనకి అనుకూలంగా పేర్చుకున్న పేకముక్కల మేడ, నిజజీవితంలో ఇంటి మీద ప్రేమ లోకానికి ఎన్నిసార్లు అడ్డమొచ్చిందో చరిత్ర చూడు అని మా స్నేహితుడే అన్నాడు. ఆ మాట కాదనలేను. కానీ సినిమా ఏం చెప్పిందని అడిగితే ఇదే చెప్పింది.

మన దగ్గర ఈ సినిమా వేరేగా తగులుతుంది. గుంటూరులో బ్రాడీపేటలోనో, ఇక్కడ సత్యనారాయణపురంలోనో ఏ వీధిలో చూసినా రెండిళ్ళకొకరు అమెరికాలో ఉన్న పిల్లల కోసం ఫోన్ చూసుకుంటూ కూర్చుంటారు. నీళ్ళ గ్రహం నుంచి వచ్చి కూపర్, పిల్లలు ఇంటి నుంచి పంపిన ఇరవై మూడేళ్ళ వీడియోలు ఒక్కసారిగా చూసే సీన్‌లో, 2014లో నా చుట్టూ ఉన్న పిల్లలు ఊపిరి బిగబట్టారు. 2025లో మా ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏవండీ, చూశారా, ఆ అబ్బాయి చెప్పీ చెప్పీ విసిగిపోయి ఇంక మాట్లాడనంటున్నాడు" అంది. మామూలుగా మనిళ్ళలో వెళ్ళింది పిల్లలు, ఉన్నది పెద్దలు. సినిమాలో తిరగబడింది, అంతే తేడా.

అందుకే ఆసుపత్రి గది కూడా పిల్లలకి ఒకలా, పెద్దలకి ఒకలా కనిపిస్తుంది. అంతకాలం ఎదురుచూసిన కూతురు రెండు మాటలు మాట్లాడి వెళ్ళిపొమ్మంటుందేమిటి, అంత తొందరేమిటి అని కుర్రాళ్ళు అడుగుతారు. ఆ గదిలో మంచం చుట్టూ ఉన్నవాళ్ళని చూడండి. మర్ఫ్ బిడ్డలు, వాళ్ళ బిడ్డలు. అందులో ఒక్కరు కూడా కూపర్‌ని పలకరించరు. వాళ్ళకి అతను ఒక పేరు, ఒక మ్యూజియంలో పెట్టిన ఇల్లు. చాలా ఏళ్ళకి అమెరికా నుంచి చావుకో, పెళ్ళికో వచ్చి సొంత ఇంటి వసారాలో ఎవరూ కుర్చీ వేయని మనిషి ఎలా నిలబడతాడో చూసినవాళ్ళకి ఆ సీన్ కొత్త కాదు. మర్ఫ్ దాన్ని కనిపెట్టింది. కడుపుశోకం ఏ తండ్రీ చూడకూడదు, నా దగ్గర నా పిల్లలున్నారు, అక్కడ అమీలియా ఒంటరిగా ఉంది వెళ్ళు అంది. చిన్నప్పుడు వెళ్ళొద్దని ఏడ్చిన పిల్లే ఈసారి వెళ్ళమంది. నాకు సినిమా మొత్తంలో అన్నిటికన్నా బాగా రాసిన చోటు అదే. అక్కడ బ్లాక్ హోల్ లేదు, లెక్క లేదు.

ఇక మా రెండోసారి గొడవ. పార్కింగులో బండి తీస్తూ మా స్నేహితుడు, "అంతా బాగానే ఉంది మాస్టారూ, కొడుకు సంగతి ఏమైంది?" అన్నాడు. నేను ఏ కొడుకు అనబోయి ఆగిపోయాను. టామ్. కూపర్ పెద్ద కొడుకు. తండ్రి వెళ్ళిపోతే పొలం చూసుకున్నవాడు, తాతని పాతిపెట్టినవాడు, బిడ్డ చచ్చిపోతే ఇంటి వెనకాలే పాతిపెట్టి ఆ దుమ్ములోనే ఉండిపోయినవాడు. వీడియోల్లో అన్నేళ్ళు తండ్రికి కబురు పంపుతూ వచ్చింది కూడా వాడే. చివర్లో స్పృహ వచ్చిన కూపర్ మర్ఫ్ గురించి అడిగాడు. టామ్ ఏమయ్యాడని డాక్టర్ని అడగలేదు, మర్ఫ్‌ని అడగలేదు.

మా స్నేహితుడికి అది ఎందుకు తగిలిందో నాకు తెలుసు. సినిమా మొదట్లో పక్కవాడి బెండతోట తగలబెడతారు, ఇక లోకంలో బెండకాయ కాపు ఇదే ఆఖరు అంటారు. మనం హాల్లో పాప్‌కార్న్ తింటూ చూసేస్తాం. 2021లో మిర్చికి నల్ల తామర పురుగు వచ్చినప్పుడు గుంటూరు జిల్లాలో పూత మొత్తం ముడుచుకుపోయి, మందుల మీద మందులు కొట్టి చివరికి తోటలు పీకేసినవాళ్ళు ఉన్నారు. మా వాడు ఆ ఏడాది నాలుగెకరాలు పీకేశాడు. వాళ్ళ చెల్లెలు టెక్సాస్‌లో ఉంటుంది, బాగా చదువుకుంది, ఇంట్లో ఎవరొచ్చినా ముందు ఆమె ఫొటోయే చూపిస్తారు. ఆ బెండతోట సీన్ దగ్గర మా వాడు ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

టామ్ విషయంలో దర్శకుణ్ణి సమర్థించడానికి నేను ప్రయత్నించాను. కథ మర్ఫ్‌ది, ఇంకో మనిషికి చోటు లేదు, టామ్ అప్పటికే పోయి ఉంటాడు అని ఏదో చెప్పాను. "పోయి ఉంటే పోయాడని చెప్పాలి కదా, అడగాలి కదా" అన్నాడు. ప్రొఫెసర్‌కి జవాబుగా వచ్చిన ముగింపు అని మీకు ఇందాక అంత గట్టిగా చెప్పాను. మనసుకి దగ్గరైన ఒక్క బిడ్డే కనిపించి, పొలంలో ఉన్న ఇంకో బిడ్డ కనిపించకపోతే ప్రొఫెసర్ అన్నదాంట్లో కొంత నిజమున్నట్టేగా? ఇంటికొచ్చాక చివరి ఇరవై నిమిషాలు మళ్ళీ పెట్టుకుని చూశాను, ఈసారి ఒక్క టామ్ పేరు కోసం. వినపడలేదు.